వన్స్ మోర్ కొట్టలేని పాటలు

న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లలో ఆడే పాటల నాటకాల్లో, అంటే మ్యూజికల్స్‌లో, సంగీతం గొప్పగా ఉండి కూడా తగినంత పేరు రానివి ఏవి, విన్నవాళ్లు తమ అనుభవంతో చెప్పమని అడిగారు. నేను స్టేజీ మీద చూసింది తక్కువ. ఎక్కువగా ఆల్బమ్‌లే విన్నాను, అదీ ఒకటే ఆల్బమ్‌ని నెలల తరబడి. ఆ లోటు ముందే ఒప్పుకుని మొదలుపెడతాను.

ఇన్నేళ్లు విన్నాక నాకు అర్థమైంది ఒకటే. వీటిలో చాలావాటికి పేరు రాకపోవడానికి కారణం, పాట కథలోంచి ఊడి రాకపోవడం. కొన్ని పాటలకు వన్స్ మోర్ కొట్టొచ్చు. కొన్నిటికి కొట్టాలంటే అరగంట సీనంతా మళ్లీ ఆడాలి. రేడియోకి, పోటీలకి, ఫోన్‌లో ప్లేలిస్టులకి మొదటి రకమే పనికొస్తుంది. నాకు ఇష్టమైనవి ఎక్కువగా రెండో రకంవి.

అందుకే 'చెస్' గురించి చెప్పను. దాని పాటలు 1984లో ఆల్బమ్‌గా వచ్చి, 1986లో నాటకం స్టేజీ ఎక్కేలోపే ఊరంతా పాడేసుకున్నారు. సంగీతకర్త సోండ్‌హైమ్ చేసిన 'మెరిలీ వీ రోల్ అలాంగ్' కూడా తీసేస్తున్నాను. 1981లో అది 16 ప్రదర్శనలకే మూతపడింది. మర్నాడే నటీనటులందరూ స్టూడియోకి వెళ్లి పాటలు రికార్డు చేశారు. ఆ రికార్డే దాన్ని నలభై ఏళ్లు బతికించింది. 2024లో టోనీలు (బ్రాడ్‌వే నాటకాలకిచ్చే అవార్డులు) కూడా వచ్చేశాయి కాబట్టి దాని తరఫున ఇక నేను పోట్లాడక్కర్లేదు.

నేను పోట్లాడేది 'కెరొలైన్, ఆర్ చేంజ్' కోసం. సంగీతం జనీన్ టెసోరి, రచన టోనీ కుష్నర్. మొదటిసారి పావుగంటకే ఆపేశాను. చప్పట్లకి ఎక్కడా ఆగదు. ఒక బాణీ చెవికి పట్టేలోపే ఇంకోటొచ్చి దాన్ని తోసేస్తుంది. పైగా వాషింగ్ మెషీన్ పాడుతోంది, రేడియో పాడుతోంది, ఇదేం గోలరా అనుకున్నాను. కొన్ని నెలల తర్వాత ఒక రాత్రి గుట్టెడు బట్టలు మడతపెడుతూ మళ్లీ పెట్టాను. చేతులు ఖాళీ లేక పాట మార్చలేక, చివరిదాకా వినాల్సి వచ్చింది. (బట్టల పనిలోనే ఈ నాటకం దారికి రావడం ఎంత సరైనదో అప్పటికి నాకు తెలియదు.)

కథ 1963లో, లూసియానా రాష్ట్రం లేక్ చార్ల్స్‌లో జరుగుతుంది. కెరొలైన్ ఒక యూదు కుటుంబం ఇంట్లో పనిచేసే నల్లజాతి మనిషి, జీతం వారానికి 30 డాలర్లు. రోజంతా నేలమాళిగలో బట్టలు ఉతుకుతుంది. అక్కడ తోడు ఎవరూ లేరు కాబట్టి యంత్రాలే తోడు. రేడియో అంటే ముగ్గురు ఆడవాళ్లు, అచ్చం ఆ కాలపు గర్ల్ గ్రూపుల్లా పాడతారు. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్‌ది బరువైన మగ గొంతు, వేడీ ఉక్కపోతా ఆ గొంతులోనే ఉంటాయి. ఆకాశంలో చంద్రుడికి ఆడగొంతు. మేడ మీద యజమాని మొదటి భార్య పోయిన దుఃఖంలో క్లారినెట్ వాయించుకుంటూ ఉంటాడు, ఆ వైపు సంగీతమంతా యూదుల పెళ్లివాద్యాల వాసన. ఒకే కప్పు కింద ఉన్న మనుషులు ఒకరితో ఒకరు ఎందుకు మాట్లాడుకోలేకపోతున్నారో ఎవరూ వివరించనక్కర్లేదు, వాద్యాలు మారుతుంటేనే తెలిసిపోతుంది.

పేరులోని 'చేంజ్'కి రెండర్థాలు, చిల్లర, మార్పు. ఇంటి పిల్లాడు నోవాకి ఎనిమిదేళ్లు, జేబుల్లో చిల్లర మరిచిపోతుంటాడు. వాడికి బుద్ధి రావాలని సవతి తల్లి రోజ్, దొరికిన చిల్లర నువ్వే ఉంచుకో అంటుంది కెరొలైన్‌తో. జీతం పెంచలేని ఇంటావిడకి అదో దారి. పిల్లాడి పైసలు ఏరుకోవడం కెరొలైన్‌కి తలకొట్టేసినట్టుంటుంది, కానీ ఇంట్లో ముగ్గురు పిల్లలు. చివరికి ఒకరోజు జేబులో 20 డాలర్ల నోటు వస్తుంది. దాని దగ్గర ఆ పిల్లాడికీ ఆమెకీ మాటలు తూలతాయి, వెనక్కి తీసుకోలేని మాటలు.

ఆ తర్వాత 'లాట్స్ వైఫ్' అనే పాట. ఆమె దేవుణ్ణి డబ్బు అడగదు, న్యాయం అడగదు. నాలో ఆశని చంపెయ్, ఇంకేం కోరుకోకుండా చెయ్ అని అడుగుతుంది. యూట్యూబ్‌లో ఆ ఒక్క పాటే విని "గొంతు అదిరింది" అని రాసిపోయేవాళ్లని చూస్తే నాకు ఉక్రోషం వస్తుంది. అప్పటిదాకా ఒక్కో నాణెం గిన్నెలో పడుతుంటే విన్న చెవికి వేరేలా వినబడుతుంది ఆ పాట. బ్రాడ్‌వేలో 2004లో 136 ప్రదర్శనలతో ఆగిపోయింది. లండన్ వాళ్లు నయం, 2007లో కొత్త మ్యూజికల్‌కిచ్చే ఒలివియర్ అవార్డు దీనికే ఇచ్చారు.

రెండోది 'ఫ్లాయిడ్ కాలిన్స్', సంగీతం ఆడమ్ గెటెల్. 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' బాణీలు కట్టిన రిచర్డ్ రోజర్స్ మనవడు, కానీ తాతలా హాయిగా ఈలవేసుకునే బాణీలు ఆశించకండి. ఇది జరిగిన కథ. 1925 జనవరిలో కెంటకీలో ఫ్లాయిడ్ అనే మనిషి, జనాన్ని రప్పించి నాలుగు డబ్బులు చేసుకోవచ్చని కొత్త గుహ వెతుకుతూ వెళ్లి, కాలి మీద రాయి పడి ఇరుక్కుపోయాడు. రెండు వారాలకు పైగా తవ్వారు. పైన నేల మీద తిరనాళ్లు జరిగినంత జనం. బతికి బయటికి రాలేదు.

మొదట్లో 'ద కాల్' అని ఒక భాగం ఉంది. గుహ ఎంత పెద్దదో తెలుసుకోవడానికి అతను కూత పెడతాడు. ప్రతిధ్వని తిరిగొస్తుంది. దాని మీద ఇంకో వరస కలుపుతాడు, అదీ తిరిగొస్తుంది. అలా తన గొంతుతో తనే బృందగానం అయిపోతాడు. నేను ఇయర్‌ఫోన్లలో మొదటిసారి విన్నప్పుడు ఫోన్‌లో రెండు పాటలు ఒకేసారి మోగుతున్నాయనుకుని ఆపి చూశాను! కనిపించని గుహని చెవితో కొలిపించడం ఇంకెక్కడా వినలేదు. బ్యాంజో, గిటారు, మౌతార్గన్ పక్కనే వయొలిన్లు గరుకుగా రాసుకుపోతుంటాయి. 1996లో న్యూయార్క్‌లో ఒక చిన్న థియేటర్‌లో ఆడింది 25 సార్లు మాత్రమే. బ్రాడ్‌వే దాకా రావడానికి 2025 పట్టింది.

ఇక 'షీ లవ్స్ మి'. 1963, బాణీలు బాక్, పాటలు హార్నిక్, ఆ జంట చేసింది. మరుసటి ఏడాదే వీళ్లు 'ఫిడ్లర్ ఆన్ ద రూఫ్' చేశారు, ఆ నీడలో ఇది చిన్నదైపోయింది. బుడాపెస్ట్‌లో ఒక సెంట్ల దుకాణం, ఒకరికొకరు పడని ఇద్దరు గుమాస్తాలు, తెలియకుండా ఒకరికొకరు రాసుకునే ప్రేమలేఖలు. కథ మీకు తెలిసినట్టుందంటే నిజమే, ఇదే హంగేరియన్ నాటకం నుంచి సినిమాలూ వచ్చాయి.

ఇందులో 'సౌండ్స్ వైల్ సెల్లింగ్' అని ఒక చిన్న ముక్క ఉంది. ముగ్గురు గుమాస్తాలు, ముగ్గురు కొనేవాళ్లు. మూడు బేరాల్లోంచి ముక్కలు మాత్రమే మనకి వినిపిస్తాయి, ఒకరి సగం మాటకి ఇంకొకరి సగం అతుక్కుని కొత్త అర్థం వచ్చి నవ్వొస్తుంది. మేం ఆరుగురం సరదాకి దీన్ని సాధన చేశాం. చూడ్డానికి రెండు పేజీలు, మూడు వారాలు పట్టింది. చివరికి పదిమంది ముందు పాడితే, నేను అర మాత్ర ఆలస్యంగా అందుకున్నాను. నవ్వు రావాల్సిన వాక్యం కాస్తా ఎవరికీ అర్థం కాని రెండు మాటలుగా పడిపోయింది, ఒక్కరూ నవ్వలేదు. దాని పనితనం ఎంత సన్నటిదో అప్పుడు తెలిసింది. వింటున్నప్పుడు మాత్రం గాలికి వచ్చినట్టే ఉంటుంది.

'ద బ్రిడ్జెస్ ఆఫ్ మాడిసన్ కౌంటీ' గురించి ఒక్క మాట. జేసన్ రాబర్ట్ బ్రౌన్ సంగీతం, 2014లో సరిగ్గా 100 ప్రదర్శనలు. ఆడేది ఆగిపోయాక సంగీతానికీ ఆర్కెస్ట్రేషన్‌కీ (వాద్యాల కూర్పు) టోనీలు. రెండో సగం కాస్త సాగుతుందని నా అభిప్రాయం, కానీ మొదట్లో ఒంటరిగా వచ్చే చెల్లో కోసమైనా వినాలి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, 'షీ లవ్స్ మి'తో. షఫుల్ ఆపేయండి, కథ ఒక పేజీ చదువుకుని కూర్చోండి. 'కెరొలైన్' ఆల్బమ్ రెండు డిస్కులు. ఒక రాత్రికి ఒక్క అంకం చాలు, మొదటి పావుగంట మీకూ గోలగానే అనిపిస్తుంది, ఆపకండి.