ఫారెక్స్ కార్డులో డబ్బు ఎక్కడ కారిపోతుంది?

విదేశీ ప్రయాణాల సీజన్ కావడంతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫారెక్స్ కార్డు, అంటే విదేశీ కరెన్సీని ముందే ఎక్కించుకుని అక్కడ వాడుకునే ప్రీపెయిడ్ కార్డు గురించే. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. నేనూ మావారూ అయిదు నెలలకు వెళ్తున్నాం. బ్యాంకులో ఫారెక్స్ కార్డు తీసుకోమంటున్నారు. అల్లుడేమో ఉన్న క్రెడిట్ కార్డు చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

ముందు ఆ క్రెడిట్ కార్డు చార్జీల పట్టిక తీసి 'ఫారిన్ కరెన్సీ మార్కప్' అన్న వరుస చూడండి. విదేశీ కరెన్సీలో ఖర్చు చేస్తే బ్యాంకు అదనంగా కోసుకునేది అదే. మామూలు కార్డుల్లో చాలావాటికి అది 3.5 శాతం ఉంటుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే 4.13 శాతం అవుతుంది.

లెక్క సులువుగా ఉండటానికి మార్కెట్లో డాలరు 90 రూపాయలనుకుందాం. వెయ్యి డాలర్లు గీకితే 90,000, మార్కప్ 3,150, జీఎస్టీ 567, వెరసి 93,717 రూపాయలు. అదే ఫారెక్స్ కార్డులో డాలరు 91 చొప్పున ఎక్కించారనుకోండి. 91,000, కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ 164, కార్డు ఇచ్చినందుకు ఓ 300, దాని జీఎస్టీ 54, అన్నీ కలిపి 91,518. దాదాపు 2,200 మిగిలినట్టే.

అయితే మార్కప్ అసలే లేని క్రెడిట్, డెబిట్ కార్డులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. మీ చేతిలో ఉన్నది అలాంటిదైతే ఖర్చు 90,000 దగ్గరే ఆగుతుంది, అల్లుడి మాటే నెగ్గుతుంది. ఒక్క తేడా గుర్తుంచుకోండి. క్రెడిట్ కార్డుకు ఏ రోజు లెక్క ఆ రోజు రేటుకే. అయిదు నెలల్లో రూపాయి పడితే బిల్లు పెరుగుతుంది. ఫారెక్స్ కార్డులో ఎక్కించిన రోజు రేటు ఖాయమైపోతుంది. అది లాభమా నష్టమా అన్నది ఎవరూ ముందుగా చెప్పలేరు.

'కమీషన్ లేదు' అన్న బోర్డు చూసి మురిసిపోకండి. కమీషన్ రేటులోనే దాగి ఉంటుంది. మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "వెయ్యి డాలర్లు కార్డులో పడాలంటే అన్నీ కలిపి ఎంత కట్టాలి?" ఈ మాట బ్యాంకులోనూ, ఇద్దరు మనీ చేంజర్ల దగ్గరా ఒకే పూట అడగండి. పొద్దున ఒకచోట, మర్నాడు మరోచోట అడిగితే రేటు మారిపోయి పోలిక చెడుతుంది. పెద్ద మొత్తమైతే బేరమాడినా తప్పులేదు.

పాస్‌పోర్టు, పాన్, వీసా, టికెట్ నకళ్లు ఇచ్చి, విదేశీ మారకం కొనడానికి ఇచ్చే దరఖాస్తు అయిన ఎ2 ఫారం మీద సంతకం చేయాలి. 50,000 రూపాయలు దాటితే నగదు తీసుకోరు, మీ ఖాతా నుంచే కట్టాలి. మొత్తం డబ్బు ఒకేసారి ఎక్కించకండి. అక్కడి నుంచి నెట్ బ్యాంకింగ్‌లో మళ్లీ ఎక్కించుకునే వీలుందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి. ఓటీపీ మీ ఇక్కడి నంబరుకే వస్తుంది. సిమ్‌కు రోమింగ్ వేయించకుండా విమానమెక్కి, అక్కడ రీలోడ్ కాక ఇబ్బంది పడేవాళ్లు చాలామంది.

డాలర్ల కార్డుతో బ్యాంకాక్ వెళ్లొచ్చాం. ఏది కొన్నా లెక్క కన్నా ఎక్కువే కోశారు. ఇది మోసం కాదా?
— ఒక పాఠకుడు, విజయవాడ

మోసం కాదు, అక్కడ నడిచేది బాట్ కావడమే కారణం. రూపాయిని డాలరుగా మార్చినప్పుడు ఒకసారి కొంత పోయింది. డాలరు బాట్‌గా మారిన ప్రతిసారీ క్రాస్ కరెన్సీ చార్జీ పేరుతో ఇంకొంత పోయింది. కార్డును బట్టి ఇది 2 నుంచి 3.5 శాతం దాకా ఉంటుంది. ఒకే కార్డులో పలు దేశాల కరెన్సీలు ఎక్కించుకోగలిగే మల్టీ కరెన్సీ కార్డులు చాలావాటిలో బాట్ ఉంటుంది కనుక నేరుగా బాట్‌లోనే ఎక్కించుకోవాల్సింది. వియత్నాం డాంగ్ లాంటివి మాత్రం ఎక్కువ కార్డుల్లో ఉండవు. అలాంటి దేశానికి మార్కప్ లేని కార్డో, అక్కడ మార్చుకోవడానికి మడతలూ మరకలూ లేని వంద డాలర్ల నోట్లో మేలు.

మీ స్లిప్పులు ఉంటే ఇంకొకటి కూడా చూడండి. స్వైప్ మెషీన్ 'బాట్‌లోనా, రూపాయల్లోనా?' అని అడుగుతుంది. మన రూపాయి కనపడగానే ప్రాణం లేచొచ్చి దాన్నే నొక్కుతాం. అప్పుడు బాట్‌ను రూపాయిగా దుకాణం తరఫువాళ్లు తమకు నచ్చిన రేటుకు మారుస్తారు. ఆ రూపాయల్ని మీ కార్డు మళ్లీ డాలర్లలోకి మారుస్తుంది. దెబ్బ మీద దెబ్బ. ఎక్కడైనా సరే స్థానిక కరెన్సీనే నొక్కండి. కొన్నిచోట్ల కౌంటరు మనిషే అడక్కుండా నొక్కేస్తాడు. పిన్ కొట్టే ముందు తెర మీద ఏ కరెన్సీ ఉందో చూసి, తేడాగా ఉంటే రద్దు చేసి మళ్లీ వేయమనండి.

ఏటీఎం సంగతి వేరు. థాయ్‌లాండ్‌లో ఏటీఎంలు తీసిన ప్రతిసారీ దాదాపు 220 బాట్ వసూలు చేస్తాయి. 2,000 తీస్తే అది 11 శాతం, 20,000 తీస్తే 1.1 శాతం. దానికి తోడు మీ కార్డువాళ్ల చార్జీ ఉంటుంది, చాలాచోట్ల రెండు డాలర్ల దాకా. తీస్తే ఒకేసారి పెద్ద మొత్తం తీయండి.

అమెరికాలో పెట్రోలు 40 డాలర్లకు పోయించాను. కార్డులో వందకు పైగా తగ్గింది. ఎవరిని అడగాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

ఆ డబ్బు పోలేదు, పట్టి ఉంచారు. మీరు ఎంత పోయించుకుంటారో పంపుకు ముందే తెలియదు కనుక ఒక పెద్ద మొత్తాన్ని ఆపి ఉంచుతుంది. అసలు బిల్లు చేరాక మిగతాది విడుదలవుతుంది. ఒక్కోసారి దానికి వారం దాకా పడుతుంది. క్రెడిట్ కార్డులో ఈ హోల్డ్ లిమిట్‌ను మాత్రమే తగ్గిస్తుంది, ప్రీపెయిడ్‌లో మీ సొంత డబ్బే ఇరుక్కుంటుంది. పంపు దగ్గర అడిగే జిప్ కోడ్ (అక్కడి పిన్‌కోడ్) కూడా మన కార్డులకు కుదరదు. లోపలికి వెళ్లి పంపు నంబరు చెప్పి, 40 డాలర్లకు అని ముందే కట్టేయండి.

హోటల్‌లో దిగేటప్పుడు డిపాజిట్‌కు క్రెడిట్ కార్డు ఇచ్చి, ఖాళీ చేసేటప్పుడు బిల్లు ఫారెక్స్ కార్డుతో కట్టండి. కారు అద్దెకైతే ప్రీపెయిడ్ కార్డును చాలామంది అసలు ఒప్పుకోరు.

మా అబ్బాయి చదువుకు లండన్ వెళ్తున్నాడు. చేతికి ఎంత నగదు ఇవ్వొచ్చు?
— ఒక పాఠకుడు, కరీంనగర్

నోట్ల రూపంలో 3,000 డాలర్ల విలువ దాకా అనుమతి ఉంది. అంత అక్కర్లేదు, రెండు మూడొందల పౌండ్లు చాలు. లండన్ సిటీ బస్సుల్లో నగదు తీసుకోనే తీసుకోరు. కార్డు తాకించాలి కనుక విదేశీ కాంటాక్ట్‌లెస్ ఆన్‌లో ఉందో లేదో ఇక్కడే యాప్‌లో చూసుకోమనండి. ట్యూబ్ (భూగర్భ) రైలులో ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు ఫోను తాకిస్తే రెండూ సగం ప్రయాణాలుగా లెక్కపడి గరిష్ఠ చార్జీ కోస్తారు.

ఫారెక్స్ కార్డు మొదటి నెలకే. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచాక దానితో పనిలేదు. మీ పాన్ మీద ఒక ఆర్థిక సంవత్సరంలో బయటికి పంపేది అన్ని బ్యాంకులూ కలిపి 10 లక్షల లోపైతే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను ఉండదు. గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన విద్యారుణంతో పంపే ఫీజుకు ఆ పరిమితి దాటినా ఉండదు.

తిరిగొచ్చాక కార్డులో 200 డాలర్లు మిగిలాయి. అలాగే ఉంచొచ్చా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

తిరిగొచ్చిన 180 రోజుల్లోపు వాడని విదేశీ మారకాన్ని అప్పగించాలన్నది నియమం. 2,000 డాలర్ల విలువ దాకా దగ్గర ఉంచుకునే వెసులుబాటు కూడా ఉంది. ఏడాదిలోపు మళ్లీ వెళ్లేది లేకపోతే వెనక్కి ఇచ్చేయడమే మంచిది. కొన్ని కార్డులు కొన్నాళ్లు వాడకపోతే చార్జీ కోస్తాయి.

ఇక్కడా కాస్త పోతుంది. పై లెక్క ప్రకారమే 91కి కొన్న డాలరును 89కి తీసుకున్నారనుకుంటే 200కు 17,800 వస్తాయి. అందులో కనీస జీఎస్టీ 45 పోతే చేతికి 17,755. మీకు పడింది 18,200. అందుకే చివరి వారం హోటల్ బిల్లులో కొంత భాగం ఈ కార్డుతో కట్టేసి, మిగతాది వేరే కార్డుతో కట్టేవాళ్లున్నారు. ముందే అడిగితే బిల్లును రెండు కార్డుల మీద విడగొట్టడానికి హోటళ్లు సాధారణంగా కాదనవు.