పదికి పదిహేను అంటే నూటికి ఎంత?

పాఠకుల ప్రశ్నలకు, విశాఖపట్నంలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. హైదరాబాద్ మలక్‌పేటలో రేసులున్న రోజు మా బాబాయి పొద్దున్నే రేసు కార్డు, అదే ఆ రోజు పరిగెత్తే గుర్రాల వివరాలుండే కాగితం, ముందేసుకుని కూర్చుంటారు. ఒక్కో గుర్రం పేరు పక్కన ఏవో గీతలు గీస్తారు. చివరికి "నాలుగో రేసు ఇది కొట్టేస్తుందిరా" అంటారు. ఒక్కోసారి నిజంగానే కొడుతుంది. ఇందులో లెక్కేమైనా ఉందా, నోటికొచ్చింది చెబుతున్నారా? పందెం కాయడానికి కాదండీ, తెలుసుకుందామని అడుగుతున్నాను.
ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: లెక్క ఉంది బాబూ. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1996లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీ బాబాయిగారి గీతల వెనక చాలా పరిశీలన ఉండి ఉంటుంది. ఒక్క లోటు మాత్రం కనిపిస్తోంది. "కొట్టేస్తుంది" అంటున్నారు గానీ ఎంత నమ్మకంతో అంటున్నారో చెప్పడం లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు కార్డు చదువుదాం.

నేను మొదట చూసేది బరువు. మన దేశంలో ఎక్కువగా జరిగేవి హ్యాండిక్యాప్ రేసులు. క్లబ్బు హ్యాండిక్యాపర్ ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్ ఇస్తారు. పక్క గుర్రం కన్నా ఒక పాయింటు ఎక్కువుంటే అరకిలో ఎక్కువ మోయాలి. గెలిస్తే రేటింగ్ పెరుగుతుంది, వరసగా ఓడిపోతుంటే తగ్గుతుంది. రేసుకు ముందు జాకీని జీనుతో సహా తూస్తారు. బరువు చాలకపోతే సీసం పలకలు పెడతారు. రేసయ్యాక మళ్ళీ తూస్తారు. అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటేలా బరువులు సర్దాలన్నది హ్యాండిక్యాపర్ తాపత్రయం. ఆ సర్దుబాటులో తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోవడం కార్డు చదివేవాళ్ళ పని.

రెండు గుర్రాల్ని ఊహించుకుందాం, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. కిందటిసారి 1600 మీటర్ల రేసులో ఎర్రది 54 కిలోలు, నల్లది 58 కిలోలు మోశాయి. ఎర్రది రెండున్నర లెంగ్తుల తేడాతో గెలిచింది. లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు, ఇంచుమించు రెండున్నర మీటర్లు. ఇవాళ మళ్ళీ అదే దూరం. గెలిచినందుకు ఎర్రదాని బరువు 58.5 కిలోలకు పెరిగింది, నల్లదానికి 57 వచ్చింది. అప్పుడు ఎర్రదానికి నాలుగు కిలోల వెసులుబాటు ఉండేది. ఇప్పుడు అదే ఒకటిన్నర కిలో ఎక్కువ మోస్తోంది. మొత్తం తేడా అయిదున్నర కిలోలు. 1600 మీటర్లలో కిలోకి సుమారు ఒక లెంగ్త్ అని రేసులవాళ్ళ లెక్క. ఆ లెక్కన రెండున్నర వెనకబడ్డ నల్లది ఇవాళ మూడు లెంగ్తులు ముందుండాలి. మొన్న గెలిచింది కదా అని జనం ఎర్రదాని మీద పడుతుంటే, కార్డు చదివినవాళ్ళు నల్లదాని వైపు చూస్తారు. దూరం పెరిగేకొద్దీ బరువు ఇంకా గట్టిగా పనిచేస్తుంది. 2400 మీటర్లలో అరకిలోకే ఒక లెంగ్త్ దాకా పోతుంది.

ఇదంతా కాగితం మీది మాట. ఎర్రది మొన్న చివరి రెండువందల మీటర్లూ జాకీ కళ్ళెం బిగించి పట్టుకుని ఉండగానే గెలిచిందనుకోండి, ఆ రెండున్నర లెంగ్తులు దాని పూర్తి సత్తా కాదు. అందుకే పాత రేసుల వీడియో చూడకుండా అంకెలు మాత్రమే కూడేవాళ్ళ అంచనా నాకు ఆనదు. నేల కూడా చూడాలి. మలక్‌పేట వర్షాకాలం సీజన్‌లో ముందురోజు వాన పడితే ట్రాక్ మెత్తబడుతుంది. ఆర్కే బీచ్‌లో నీటి అంచున గట్టి తడి ఇసుక మీద పరిగెత్తేవాణ్ణి పైనున్న పొడి ఇసుక మీదికి తీసుకొస్తే ఎలా ఉంటుందో, కొన్ని గుర్రాలకు మెత్తటి నేల అలా ఉంటుంది. కొన్నింటికి అదే కలిసొస్తుంది. గుర్రం పరిగెత్తి ఎన్ని వారాలైంది, బయల్దేరే గేటులో ఏ స్టాల్ (గడి) నుంచి పరుగు మొదలుపెడుతోంది, కాళ్ళకు అల్యూమినియం లాడాలా ఉక్కువా, ఇవన్నీ కార్డులోనే ఉంటాయి. నేర్చుకుంటున్న కుర్ర జాకీ అయితే బరువులో కొంత తగ్గింపు ఇస్తారు, అదీ రాసి ఉంటుంది.

కార్డులో దొరకనిది, రేసుకు ముందు గుర్రాలను నడిపించి చూపించే ప్యాడక్‌లో దొరుకుతుంది. మలక్‌పేట వెళ్ళినప్పుడు నేను కంచె పక్కన నిలబడి గుర్రాల వెనక కాళ్ళ మధ్య చూసేవాణ్ణి. అక్కడ తెల్లటి నురగ కట్టిందంటే, చల్లటి పూట అయినా మెడ తడిసి మెరుస్తోందంటే, ఆ గుర్రం టెన్షన్‌లో ఉందని అర్థం. పరుగుకు దాచుకోవలసిన బలాన్ని అక్కడే ఖర్చు పెట్టేస్తోంది. తల దించుకుని, పొడుగ్గా అడుగులు వేస్తూ నింపాదిగా నడిచే గుర్రం నాకు ఇష్టం.

ఇప్పుడు అసలు విషయం. ఇన్నీ చూశాక "ఇది కొట్టేస్తుంది" అనకూడదు. "ఇదే రేసు వందసార్లు జరిగితే ఇది ఎన్నిసార్లు గెలుస్తుంది" అని అడుక్కుని ఒక అంకె రాయాలి. పందేలు తీసుకునే బుకీలు చేసేది అదే. ఏడు గుర్రాల రేసులో బుకీ బోర్డు మీద పదికి 15, 30, 40, 60, 100, 150, 200 అని ఉన్నాయనుకుందాం. పదికి పదిహేను అంటే పది రూపాయలు పెట్టి గెలిస్తే పదిహేను లాభం. పదిని ఇరవై అయిదుతో భాగిస్తే నూటికి 40. అలాగే మిగతావి 25, 20, 14.3, 9.1, 6.3, 4.8. ఇవన్నీ కూడి చూడండి, 119 దాటుతుంది. గెలిచేది ఒక్కటే కాబట్టి మొత్తం నూరే కావాలి. పైనున్న పంతొమ్మిదీ బుకీ మార్జిన్. 40ని 119.4తో భాగిస్తే ఫేవరెట్ (బోర్డు మీద అన్నిటికన్నా తక్కువ రేటున్న గుర్రం) అసలు అవకాశం నూటికి 33 చిల్లర అని తేలుతుంది. ప్రపంచంలో చాలా రేసుకోర్సుల్లో ఫేవరెట్లు గెలిచేది సుమారు మూడోవంతు రేసులే. అంటే అందరూ మెచ్చిన గుర్రం కూడా మూడింట రెండుసార్లు ఓడిపోతుంది.

ఇంకో సంగతి. జనం పెద్ద లాభం ఆశతో, గెలిచే అవకాశం బాగా తక్కువున్న గుర్రాల మీద వాటి యోగ్యతకు మించి డబ్బు పెడతారని గ్రిఫిత్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1949లోనే చూపించాడు. తర్వాత చాలా దేశాల్లో అదే కనిపించింది. మీ బాబాయిగారిని ఈసారి ప్రతి గుర్రం పక్కన నూటికి ఎంతో రాయమనండి. మొత్తం నూరు రావాలని షరతు పెట్టండి. ఫేవరెట్‌కి 60 ఇచ్చేస్తే మిగతా ఆరింటికీ 40 మాత్రమే మిగులుతుంది. అక్కడ ఆయనే ఆగి మళ్ళీ ఆలోచిస్తారు.

ప్రశ్న: మా ఆయన ఫోన్‌లో ఒక గ్రూపులో చేరారు. "ష్యూర్ టిప్" అని రోజూ ఒక గుర్రం పేరు పంపుతారు. మొదటి మూడు టిప్పులూ నిజమయ్యాయి. ఇప్పుడు నాలుగోదానికి పదివేలు కట్టమంటున్నారు. మూడుసార్లు ఎలా చెప్పగలిగారు మాస్టారూ? నాకు భయంగా ఉంది.
ఒక గృహిణి, మద్దిలపాలెం

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే. ఆ పదివేలు కట్టనివ్వకండి.

మూడుసార్లు నిజం చెప్పడానికి గుర్రాల గురించి ఏమీ తెలియక్కర్లేదు. ఏడు గుర్రాల రేసుకి ఏడొందల మందికి మెసేజ్ పంపుతారు. మొదటి వందమందికి ఒకటో గుర్రం పేరు, తర్వాతి వందమందికి రెండోది, అలా. ఏది గెలిచినా వందమందికి టిప్ నిజమవుతుంది. మిగతా ఆరొందల మందినీ వదిలేస్తారు. రెండో రేసుకి ఆ వందమందిని ఏడు భాగాలు చేస్తారు, పద్నాలుగు మంది మిగులుతారు. మూడో రేసుకి ఇద్దరు. ఆ ఇద్దరికీ తమకు సందేశం పంపేవాడు మహా మేధావిలా కనిపిస్తాడు. మీ ఆయనకు ఒక గుర్రం పేరు పంపిన రోజునే వేరేవాళ్ళకు వేరే గుర్రాల పేర్లు వెళ్ళి ఉండొచ్చు. ఆ సంగతి ఆయనకు తెలిసే వీలు లేదు. ఈ ఏడొందల లెక్క కాగితం మీద వేసి ఆయనకు చూపించండి. కోపంగా కాదు, పక్కన కూర్చుని. "మోసపోయావు" అంటే ఎవరూ వినరు, లెక్క చూపిస్తే వింటారు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మన రాష్ట్రంలో 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నేరం చేశారు. ఆడేవాళ్ళకూ శిక్ష ఉంది. క్లబ్బులో సక్రమంగా వేసే పందెం మీద కూడా, పెట్టిన మొత్తానికి 2023 అక్టోబరు 1 నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ పడుతోంది. బుకీ మార్జిన్‌కి ఈ పన్ను తోడైతే, బాగా అంచనా వేయగలిగినవాళ్ళకు కూడా చేతికి మిగిలేది ఉండదు. రేసుల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు నేను కార్డు చదవమంటాను గానీ పందెం కాయమని ఎప్పుడూ చెప్పను.

డబ్బు ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి సైబర్ మోసం ఫిర్యాదు ఇవ్వండి. పందెం మానుకోలేక ఆయనే బాధపడుతున్నారనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: నేను డిగ్రీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. నూటికి 40 అన్నాక ఆ గుర్రం ఓడిపోతే అంచనా తప్పినట్టా, ఒప్పినట్టా?
ఒక విద్యార్థిని, భీమిలి

జవాబు: మంచి ప్రశ్న తల్లీ. ఒక్క రేసుతో ఏదీ తేలదు. ఇదే చిక్కు వాతావరణ శాఖవాళ్ళకూ వచ్చింది. వాన పడే అవకాశం నూటికి 40 అని చెప్పినవాళ్ళను ఎలా పరీక్షించాలి? 1950లో గ్లెన్ బ్రయర్ అనే అమెరికన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు ఒక కొలత ఇచ్చాడు. గుర్రం గెలిస్తే 1, ఓడితే 0 అనుకో. అందులోంచి నీ అంచనా తీసేసి వర్గం చెయ్యి. 0.4 అన్న గుర్రం ఓడితే 0.16, గెలిస్తే 0.36. ఎంత తక్కువ వస్తే అంత మంచి అంచనా.

ఒక నోట్‌బుక్ పెట్టు. రేసుకు ముందు నీ అంకె, దాని పక్కన బోర్డు రేటుని నూటికి మార్చి, మొదటి జవాబులో 119.4తో భాగించినట్టు ఆ రేసు మొత్తంతో భాగించి సరిచేసిన అంకె రాయి. రేసయ్యాక రెండింటికీ బ్రయర్ స్కోరు వెయ్యి. రేసు మొదలయ్యాక నీ అంకె మార్చకూడదు. సీజన్ అంతా చేశాక రెండు సగటులూ పోల్చు. చాలామందికి బోర్డు అంకే మెరుగ్గా వస్తుంది, అందుకు నిరుత్సాహపడకు. ఎక్కడ తేడా వచ్చిందో వెతుకు, మెత్తటి నేల రోజుల్లోనా, పొడుగు రేసుల్లోనా అని. ఫిబ్రవరి మొదటి ఆదివారం ముంబై మహాలక్ష్మిలో జరిగే ఇండియన్ డెర్బీని వేరే పేజీలో రాసుకో. 2400 మీటర్లు, అన్నీ నాలుగేళ్ళవే. అందులో హ్యాండిక్యాప్ ఉండదు, ఆడ గుర్రాలకు మాత్రం కొంచెం తగ్గిస్తారు. బరువుల సర్దుబాటు లేని రేసులో నీ అంచనా మెరుగ్గా వస్తోందా, తగ్గుతోందా? లెక్క వేశాక నాకు రాయి.