కోనసీమ పల్లెల్లో వర్క్ ఫ్రమ్ హోమ్: ఫైబర్ పోతే మీటింగ్ ఆగకుండా ఏం చేయాలి?

ఇంకో కంపెనీ ఫైబర్ కూడా పెట్టించుకోమని అందరూ చెబుతారు. మన డెల్టాలో అది డబ్బు దండగ. రెండు కేబుళ్లూ అదే కరెంటు స్తంభం మీదుగా, అదే కొబ్బరిచెట్టుని ఆనుకుని వస్తాయి. ఈదురుగాలికి ఒక్క మట్ట విరిగిపడితే రెండూ పోతాయి. రెండోది గాల్లోంచే రావాలి: 4జీ రౌటర్, అందులో ఫైబర్ కంపెనీది కాని సిమ్. ఫోన్లో గీతలు నమ్మకండి, సిగ్నల్ బలాన్ని అంకెల్లో చెప్పే ఆర్ఎస్ఆర్‌పీ చూడండి. మైనస్ 95 గానీ, అంతకన్నా సున్నాకి దగ్గరగా గానీ ఉంటే హాయి, మైనస్ 110 కన్నా కిందికి పోతే ఆ సిమ్ వదిలేయండి. రౌటర్ని మేడ మీద టవరు వైపు కిటికీలో పెట్టండి.

రెండూ కలిపేది డ్యూయల్ వ్యాన్ రౌటర్, అంటే రెండు నెట్ లైన్లు పట్టే రౌటర్. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఫెయిలోవర్ (ఒక లైను పోతే రెండోదానికి మారే సెట్టింగ్) ఆన్ చేసి, ల్యాన్ వైరు పీకి చూస్తారు. టక్కున సిమ్ మీదికి మారుతుంది, సంబరపడతారు. అసలు లైను తెగేది వీధిలో. అప్పుడు ఫైబర్ బాక్సు మీద లాస్ లైటు (సిగ్నల్ పోయిందని చెప్పేది) ఎర్రగా కొట్టుకుంటున్నా, బాక్సుకీ రౌటర్‌కీ మధ్య ల్యాన్ లైటు పచ్చగానే ఉంటుంది. నెట్ ఉందనుకుని రౌటర్ కదలదు. అందుకే ఆన్‌లైన్ డిటెక్షన్ (నెట్ నిజంగా ఉందా అని చూసే సెట్టింగ్) పెట్టి 8.8.8.8కి (గూగుల్ సర్వరు) 10 సెకన్లకోసారి పింగ్ చేయించండి, అంటే పలకరించి చూడమనండి; మూడుసార్లు జవాబు రాకపోతే మారమనండి. పరీక్షకి పీకాల్సింది బాక్సు వెనకున్న పచ్చ మూతి సన్న ఫైబర్. మొనకి వేలు తగలనివ్వకండి, జిడ్డంటితే సిగ్నల్ పడిపోతుంది. కన్ను పెట్టి చూడనూ వద్దు. బాక్సూ 4జీ రౌటరూ రెండూ 192.168.1.1 అనే ఒకే అడ్రసు మీద ఉంటే తగవు పడతాయి, ఒకదాన్ని 192.168.10.1కి మార్చండి. ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్ మాత్రం చాలావరకు ఒకసారి తెగి మళ్లీ కలుస్తుంది.

ఇన్వర్టర్ ఉందిగా అనకండి. మామూలు మోడ్‌లో అది మారే క్షణంలో బాక్సు రీస్టార్టయితే రెండు మూడు నిమిషాలు పోయినట్టే. 12 వోల్టుల మినీ యూపీఎస్ కొనండి. పిన్ను 2.1 మిల్లీమీటర్లా 2.5నా చూసుకోండి, వదులైతే ఊరికే ఆరిపోతుంటుంది. అట్ట మీద రాసే 10,000 ఎంఏహెచ్ 3.7 వోల్టుల లెక్క, అంటే 37 వాట్ అవర్లు. బాక్సూ రెండు రౌటర్లూ కలిపి 15 వాట్లు లాగితే వచ్చేది రెండు గంటలే.

రోజుకి 2 జీబీ ప్యాకు వేస్తే కెమెరా ఆపేయండి, వీడియో మీటింగు గంటకి సుమారు 1 జీబీ తింటుంది. ఇక తుఫానుకి వీటిలో ఏదీ నిలవదు. టవరు బ్యాటరీ కూడా దిగిపోయాక లీవు పెట్టుకోవడమే.