ఒంట్లో నలతగా ఉన్నప్పుడు తాగే మూలికల టీ గురించి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. జలుబు, గొంతునొప్పి, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని పొడిదగ్గు పట్టుకున్నాయనీ, మాత్రలు మింగి మింగి విసుగు పుట్టిందనీ, మూలికల టీలు తాగితే తగ్గుతుందా అనీ అడిగావు. ఒంటిని శుద్ధి చేస్తుందంటూ స్నేహితురాలు ఇచ్చిన టీ ప్యాకెట్టు సంగతి కూడా రాశావు. నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని, ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా పొయ్యి మీద నీళ్లు పడేసేదాన్నీ నేనే. కాబట్టి ఈ విషయంలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. కాస్త వివరంగానే రాస్తాను, ఓపికగా చదువు.

తగ్గుతుందా అన్న ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. ఏ ఆకూ, ఏ వేరూ దాన్ని గడువుకు ముందే తరిమేస్తుందని నేను నమ్మను. సాధారణంగా వారం పది రోజుల్లో అది తనంతట తానే పోతుంది, దగ్గు మాత్రం రెండు మూడు వారాలు సాగవచ్చు. ఆ రోజులన్నీ గడవాలి కదా, అవి కాస్త సుఖంగా గడవడానికి టీ పనికి వస్తుంది. టీ నుంచి ఆశించవలసింది అంతే. అది చిన్న విషయమేమీ కాదు, ఎందుకంటే గొంతు మండుతూ, ఒళ్లంతా చలిగా ఉన్నప్పుడు ఒక గంట నెమ్మదిగా ఉండడం ఎంత విలువైనదో పడినవాళ్లకే తెలుస్తుంది.

ఆ సుఖంలో ఎక్కువ భాగం మూలికది కాదు, వేడిది, నీటిది. 2008లో బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన జలుబు పరిశోధన కేంద్రం వారు జలుబుతో ఉన్న 30 మందిపై ఒక పరీక్ష చేశారు. ఒకే పండ్ల పానీయాన్ని వేడిగానూ, గది ఉష్ణోగ్రతలోనూ ఇచ్చి చూశారు. వేడిగా తాగినప్పుడు ముక్కు కారడం, దగ్గు, తుమ్ములతో పాటు గొంతునొప్పి, చలి, అలసట కూడా వెంటనే తగ్గినట్టు అనిపించింది. వేడి చేయనిది తాగినప్పుడు మొదటి మూడింటికే ఉపశమనం దొరికింది. ముక్కులో గాలి ఆడడాన్ని పరికరంతో కొలిస్తే మాత్రం రెండింటిలోనూ తేడా ఏమీ లేదు. అంటే దిబ్బడ అలాగే ఉన్నా బాధ తగ్గింది, పైగా ఆ పానీయంలో మూలికలు లేనే లేవు. అందుకని ఇంట్లో ఫలానా ఆకు లేదని దిగులు పడవలసిన పని లేదు. గోరువెచ్చని నీళ్లు కూడా సగానికి పైగా పని చేసి పెడతాయి.

ఇక మూలికల విషయానికి వద్దాం. నేను వాడేవి కొద్దిపాటివే. పది పన్నెండు రకాలు కలిపి అమ్మే మిశ్రమాల మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. ఒంటికి పడకపోతే వాటిలో ఏది పడలేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒకసారికి ఒకటి, మహా అయితే రెండు, అంతకు మించి వద్దు.

కడుపులో తిప్పుతున్నప్పుడు అల్లాన్ని మించింది లేదు. వికారం మీద అల్లం పనిచేస్తుందనడానికి మిగతా మూలికలకన్నా మంచి ఆధారాలు ఉన్నాయి, గర్భిణుల వేవిళ్లలో కూడా దాన్ని పరీక్షించి చూశారు. పచ్చి అల్లంలో ఘాటును ఇచ్చేవి జింజెరాల్స్. ఎండబెట్టినా, మరిగించినా వాటిలో కొంత భాగం షోగాల్స్‌గా మారుతుంది, అవి ఇంకా ఘాటు. శొంఠి టీ గొంతులో మరింత మండడానికి కారణం అదే. కాబట్టి గొంతు పచ్చిపుండులా ఉన్నప్పుడు శొంఠి జోలికి పోకుండా పచ్చి అల్లమే వాడుకో, అదీ పలచగా.

ముక్కు దిబ్బడకు పెప్పర్‌మింట్ బాగుంటుంది. అందులోని మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నాడులను తడుతుంది, దానితో ముక్కు తెరుచుకున్నట్టు తోస్తుంది, నిజంగా తెరుచుకోకపోయినా సరే. మామూలు పుదీనాలో మెంథాల్ చాలా తక్కువ కాబట్టి దానికి ఆ గుణం అంతగా ఉండదు, రుచికి మాత్రం హాయిగా ఉంటుంది. అయితే పెప్పర్‌మింట్ అన్నవాహిక అడుగున ఉండే కండరాన్ని వదులు చేస్తుంది. గుండెల్లో మంట, పుల్లని తేన్పులు ఉన్నవాళ్లు రాత్రి పడుకునే ముందు అది తాగితే మంట పెరుగుతుంది.

రాత్రిపూట నాకు నచ్చేది చామొమైల్. చామంతి కుటుంబానికి చెందిన ఆ చిన్న పూల టీలో కెఫీన్ ఉండదు, వాసన మెత్తగా ఉంటుంది. నిద్ర పట్టిస్తుందని పేరేగాని ఆధారాలు అంత బలమైనవి కావు. నా మట్టుకు నాకు పడుకునే ముందు దీపం తగ్గించి, ఫోను పక్కన పెట్టి, ఒక కప్పు పట్టుకుని కూర్చోవడమే సగం నిద్ర తెస్తుందనిపిస్తుంది. చామంతి, పొద్దుతిరుగుడు జాతి మొక్కల పుప్పొడి పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చు. తులసి, వాము, సోంపు ఇవన్నీ కూడా మితంగా తాగదగినవే. లవంగానికి ఉన్న వాసన తులసిలో లీలగా తగలడానికి రెండింటిలోనూ ఉన్న యూజెనాల్ అనే పరిమళ పదార్థం కారణం.

అతిమధురం మాత్రం తియ్యగా, గొంతుకు హాయిగా ఉంటుంది కదా అని చనువు తీసుకునే వస్తువు కాదు. అందులోని గ్లిసిరైజిన్ మూత్రపిండాలలో కార్టిసాల్ హార్మోనును అదుపులో పెట్టే ఎంజైమును అడ్డుకుంటుంది, దానితో ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. రోజూ తాగుతూ పోతే గుండె లయ కూడా తప్పే ప్రమాదం ఉంది. బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవాళ్లు, నీరు తీసే మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు దాన్ని పూర్తిగా మానడమే మంచిది. చాలా మిశ్రమాలలో తీపి కోసం దీన్ని కలుపుతారు, కాబట్టి ప్యాకెట్టు వెనక చూడకుండా కొనవద్దు.

కాచే పద్ధతి తెలుసుకుంటే ఏ మూలికైనా సరిగ్గా వస్తుంది. వేళ్లు, బెరళ్లు గట్టివి కాబట్టి మరిగించాలి. అల్లాన్ని పలచని చక్రాలుగా తరిగి, నీళ్లలో వేసి, చిన్న మంట మీద పది నిమిషాలు ఉంచితే చాలు. సోంపు, వాము వంటి గింజలను వేసే ముందు కాస్త నలగ్గొట్టాలి. ఆకులను, పూలను మాత్రం మరిగించవద్దు. మరిగిన నీళ్లు దించి, కప్పుకు ఒక చెంచాడు ఎండు ఆకు వేసి, మూత పెట్టి, ఐదు నుంచి పది నిమిషాలు కదపకుండా ఉంచు. మూత ఎందుకంటే, ఆకులోని పరిమళ తైలాలు ఆవిరితో పాటు గాలిలోకి ఎగిరిపోతాయి. వ్యవధి అయ్యాక మూతను వెల్లకిలా తిప్పి చూడు, లోపలి వైపు పట్టిన చెమ్మబొట్లను వాసన చూస్తే కప్పులోని టీకన్నా అవే ఎక్కువ ఘాటుగా ఉంటాయి. వాటిని మళ్లీ కప్పులోకి రాల్చుకుని అప్పుడు వడకట్టుకో. మూత లేకుండా కాచి, ఇంట్లో మంచి వాసన వస్తోందని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, ఆ వాసన కప్పులో ఉండవలసింది.

పొగలు కక్కుతుండగా తాగితేనే గుణమిస్తుందనుకోకు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో, 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడితో తాగే పానీయాలను అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణం కాగలవాటిలో చేర్చింది. పెదవికి ఆనించి వెనక్కి తీయనక్కరలేనంత చల్లారాక గుక్కగుక్కగా తాగు. పొద్దున కాచినదాన్ని రాత్రి దాకా బయట ఉంచి తాగడం వద్దు. ఎప్పటికప్పుడు కాచుకోవడమే మేలు.

నీ పొడిదగ్గుకు తేనె నిజంగా పనికి వస్తుంది. పడుకునే ముందు ఒక చెంచాడు, టీలో కలిపైనా, విడిగానైనా తీసుకో. కాని ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించకూడదు, టీలో కలిపీ ఇవ్వకూడదు. తేనెలో ఒక్కోసారి బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బును కలిగించే బాక్టీరియా బీజాలు ఉంటాయి, పసివాళ్ల పేగులలో అవి మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. మీ అక్క ఇంట్లో పసిపాప ఉంది కాబట్టి అక్కకీ ఈ మాట చెప్పు. కడుపునొప్పికని పసిపిల్లలకు అనాసపువ్వు కాచి పట్టడం కూడా మానాలి. తినదగిన అనాసపువ్వును పోలినదే జపాన్ రకం ఒకటి ఉంది, అది విషం, రెండూ కలిసిపోయే అవకాశం ఉంది. పసివాళ్లకు మూర్ఛలు రావడం చూసి 2003లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆ టీ మీద హెచ్చరిక జారీ చేసింది.

మందులు వాడేవాళ్ల సంగతి వేరు. నువ్వు పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటావు కదా, దాన్ని పరగడుపున మంచినీళ్లతోనే మింగి, అరగంట నుంచి గంట ఆగి ఆ తరువాతే ఏ టీ అయినా ముట్టుకో, లేకపోతే మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. రక్తం పలచబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవాళ్లు చామొమైల్‌ను, ఎక్కువ మోతాదులో అల్లాన్ని డాక్టరును అడగకుండా తాగకూడదు. మనసు కుదుటపడుతుందని చెప్పి అమ్మే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక అన్నింటిలోకీ ప్రమాదకరం. అది కాలేయంలో మందులను విడగొట్టే ఎంజైముల వేగాన్ని పెంచుతుంది. దాంతో గర్భనిరోధక మాత్రలు, వార్ఫరిన్, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు వేసుకునే మందులు తమ బలం కోల్పోతాయి. ఆపరేషను ముందు మత్తు ఇచ్చే డాక్టరుకు కూడా ఏ మూలికలు తాగుతున్నదీ చెప్పాలి. అవి మందులు కావు కదా అని చాలామంది దాచేస్తారు.

ఇంకొక సంగతి. వేడినీళ్లలో కలుపుకుని తాగే జలుబు పొడులు టీలాగే ఉంటాయిగాని వాటిలో తరచుగా పారాసిటమాల్ ఉంటుంది. అది తాగి, పైన జ్వరం మాత్ర కూడా వేసుకుంటే మోతాదు రెండింతలవుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. నువ్వు వేసుకునే మాత్రల పేర్లు, పొడి మీద రాసి ఉన్నది పక్కపక్కన పెట్టి చూసుకో.

టీ తాగుతూ ఇంట్లో కూర్చోకూడని రోజులూ ఉంటాయి. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి చేసినా, మెడ బిగుసుకుపోయినా, దగ్గులో రక్తం కనిపించినా, మనిషి తికమకగా మాట్లాడినా, కప్పు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూడు నెలలు నిండని పసికందుకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ఒక్క పూట కూడా ఆగకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా టీ చాలదు. ఒంట్లోంచి పోయేది ఒక్క నీరే కాదు, లవణాలు కూడా, అప్పుడు కావలసింది ఓఆర్ఎస్.

చివరగా ఆ ప్యాకెట్టు. ఒంటిని శుద్ధి చేసే పని కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్లు చేస్తూనే ఉన్నాయి, దానికి వేరే టీ అక్కరలేదు. ఇటువంటివాటిలో చాలావాటిలో సునాముఖి ఆకు ఉంటుంది, దాన్నే సెన్నా అని కూడా రాస్తారు. అది విరేచనకారి. తాగిన ఆరు నుంచి పన్నెండు గంటలలో పేగులను కదిలిస్తుంది. అప్పుడు కడుపు తేలికైనట్టు, బరువు తగ్గినట్టు అనిపిస్తుందిగాని, పోయింది నీళ్లు, లవణాలే. జలుబుతో ఇప్పటికే నీరసించి ఉన్న నీకు అది అసలే తగదు. ప్యాకెట్టు వెనక ఉన్న పదార్థాల పట్టికను ఫోటో తీసి నాకు పంపు. అందులో సునాముఖి అనిగాని, సెన్నా అనిగాని కనిపిస్తే మాత్రం నా జవాబు కోసం చూడకుండా చెత్తబుట్టలో పడెయ్యి. స్నేహితురాలు ఏమనుకుంటుందో అని మొహమాటపడకు, కావాలంటే ఈ ఉత్తరం ఆ అమ్మాయికీ చూపించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ