బ్లూస్‌కు తెలుగు నప్పుతుందా?

ప్రశ్న: నా వయసు 58. పాతికేళ్లుగా గిటార్ మీద బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాట) వాయిస్తున్నాను. ఇంగ్లీషులో పాడితే అరువు గొంతులా ఉంటుంది. తెలుగులో పాడితే ‘ఇది బ్లూస్ కాదు, భజన’ అంటున్నారు మిత్రులు. స్వీడన్‌లో సొంత భాషలోనే పాడతారట. వాళ్లకెలా కుదిరింది?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: చక్కగా కుదిరింది. స్వీడన్ బ్లూస్ గాయకుడు పెప్స్ పెర్సన్ మొదట ఇంగ్లీషులోనే పాడారు. బ్లూస్‌కు పేరుపడ్డ షికాగో వెళ్లి చేసిన ఆల్బం 1972లో వచ్చింది. అంత దూరం వెళ్లొచ్చిన మనిషి ఆ తర్వాత స్వీడిష్‌కు మళ్లారు. అదీ వార్తలు చదివే స్వీడిష్ కాదు, దక్షిణాన ఉన్న తన స్కోనె ప్రాంతపు యాస. 2021లో ఆయన పోయారు. నాకిప్పటికీ ఆ యాస కోసమే ఆయన పాట వినాలనిపిస్తుంది. 1949లో పుట్టిన రోల్ఫ్ విక్‌స్ట్రోమ్ కూడా స్వీడిష్‌లో బ్లూస్ పాడి పేరు తెచ్చుకున్న గిటారిస్టే.

మీ మిత్రులకు భజనలా వినబడడానికి కారణం భాష కాదు, సందు లేకపోవడం అయి ఉంటుంది. పన్నెండు బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బల తాళం) బ్లూస్‌లో మూడు పంక్తులు, ఒక్కోదానికి నాలుగు బార్లు. మొదటి పంక్తినే రెండోసారీ పాడతాం, మూడోది దానికి జవాబు. ప్రతి పంక్తిలోనూ గొంతు సుమారు రెండు బార్లలో ఆగాలి. మిగతా చోటు గిటార్‌ది.

అనంతపురంలో నా దగ్గర నేర్చుకునే ఒక వేరుశనగ రైతు కొడుకు ఇలా కట్టాడు:

విత్తనం ఒలిచి పెట్టాను, మబ్బు మళ్లిపోయింది
విత్తనం ఒలిచి పెట్టాను, మబ్బు మళ్లిపోయింది
వేళ్లింకా మండుతున్నాయి, అప్పులవాడు వచ్చాడు

మొదట ‘నల్లగా కమ్ముకొచ్చిన మబ్బు’ అని రాశాడు. ఆ రెండు మాటలూ తీసేయించాను. ‘పోయింది’ని సాగదీసి వదిలాడు, గిటార్ అందుకుంది. మన మాటలు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి ఆ సాగదీతకు ఎంత వీలో!

ఇక స్వరం. ‘ఏ’ శ్రుతిలో మూడో తీగ ఐదో ఫ్రెట్ సాధారణ గాంధారం. తీగను వేలితో కాస్త నెట్టి, దాని పై ఫ్రెట్‌లోని అంతర గాంధారం చేరకముందే ఆపండి. గమకానికి అలవాటుపడిన చెవి ఆ మధ్య స్వరాన్ని వెంటనే పట్టుకుంటుంది.

తాడిపత్రిలో మీ ఇంట్లో మాట్లాడే మాటలతోనే మూడు పంక్తులు రాసి పంపండి. ఎక్కడ తగ్గించాలో కలిసి చూద్దాం.