బ్యాంకుని ఆల్టర్ చేయొచ్చా?

ప్రశ్న: జీతం పడే బ్యాంకు మార్చుకోవచ్చు, ఎవరికి ఏది కావాలో చెప్పండి అని ఆఫీసులో అడిగితే 'ఐ వాంట్ టు ఆల్టర్ మై బ్యాంక్' అని మెయిల్ పెట్టాను. టీమంతా ఒకటే నవ్వు. డిక్షనరీలో ఛేంజ్ అన్నా ఆల్టర్ అన్నా మార్చడమనే ఉంది కదండీ, మరి నాది తప్పెలా అయింది?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నవ్వినవాళ్లలో ఎంతమందికి తేడా తెలుసో నాకు అనుమానమే గానీ, వాక్యం మాత్రం తప్పేనండీ.

కోఠిలో రెడీమేడ్ బ్లౌజు కొన్నారనుకోండి, ఇంటికొచ్చి వేసుకుంటే బిగుతు. షాపుకి పట్టుకెళ్లి ఇంకో సైజు తెచ్చుకుంటే అది ఛేంజ్. అలా కాకుండా గల్లీ చివర టైలర్ దగ్గర పక్క కుట్లు విప్పించి ఓ అంగుళం వదులు చేయించుకుంటే అది ఆల్టర్, ఎందుకంటే బ్లౌజు అదే, కాస్త సరిచేశారంతే. బోర్డు మీద 'ఆల్ట్రేషన్' స్పెల్లింగ్ ఎలా రాసినా ఆ టైలర్ మాట వాడటంలో మాత్రం తప్పడు. మీ మెయిల్ చదివితే ఆ బ్యాంకునే పట్టుకుని కత్తిరించి కుట్టిస్తారేమో అనిపిస్తుంది. ఛేంజ్ అయితే రెండు చోట్లా నడుస్తుంది, అనుమానం వస్తే అదే రాసేయండి.

చెక్కు మీద అంకె దిద్దితే కూడా ఇదే మాట. కాగితం అదే, సంతకం అదే, లోపల అంకె ఒక్కటే మారింది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 87వ సెక్షన్ దీన్ని 'మెటీరియల్ ఆల్టరేషన్' అంటుంది. ఆ దిద్దుబాటుకి ఒప్పుకోని వ్యక్తి మీద ఆ చెక్కు చెల్లదు.

లాటిన్‌లో ఆల్టర్ అంటే రెండింట్లో రెండోది. ఆల్టర్నేటివ్ అక్కడిదే, మన ఇళ్లల్లో సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగే ఆల్టర్నేటింగ్ కరెంటూ అక్కడిదే. మాటల గొడవని ఆల్టర్‌కేషన్ అంటారు, దానికీ ఎదుట ఇంకొకరు ఉండాలి కదా! స్పెల్లింగ్‌లో చివర 'ఈఆర్' రాయాలి. 'ఏఆర్' రాశారో, చర్చిలో బలిపీఠం అయిపోతుంది.

ఇంకొకటి. అమెరికాలో 'మా కుక్కని ఆల్టర్ చేయించాం' అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించామని. అక్కడున్న చుట్టాలతో ఫోన్లో మాట్లాడేటప్పుడు 'మా ఆయన్ని కొంచెం ఆల్టర్ చేయాలి' లాంటివి అనకండి.