ఆరు చోట్లు కాదండీ, మూడు చాలు

టూర్‌కి వెళ్తూ ఒకే రోజులో ఆరు చోట్లు చూడాలి, అక్కడి తిండీ రుచి చూడాలి, వెంట మూడేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు ఉంటారు, ప్లాన్ ఎలా వేయాలి అని అడిగారు. పోయినసారి మధ్యాహ్నానికే అందరూ డీలా పడ్డారని కూడా రాశారు. మీ వాళ్ల ఓపికలో లోపమేమీ లేదు, ప్లాన్‌లో విశ్రాంతి లేదంతే.

మూడే ఉంచుకోండి. మెట్లు, నడక ఎక్కువున్నది పొద్దున్నే, ఎండ ముదరకముందే చూసేయండి. భోజనం తర్వాత ఒంటిగంట, మూడు మధ్య ఎవరికైనా మగతగానే ఉంటుంది. అప్పుడు గదికి వెళ్లి పడుకోండి. టైం వేస్ట్ అనిపిస్తుంది గానీ, సాయంత్రం పాప హుషారు చూస్తే మీకే తెలుస్తుంది.

తిండి దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. ఆకలితో నకనకలాడుతూ వెతికితే ఏదో ఒకటి తినేస్తాం, అందుకే చోటు ముందే అనుకోండి. జనం బాగా ఉండి, కళ్లముందే వండి పొగలు కక్కుతుండగా పెట్టే చోటైతే మంచిది. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటే సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి, కాబట్టి రెండు గంటలు దాటి బయట ఉన్నది ముట్టుకోవద్దు. కోసిపెట్టిన పండ్లు, ఐసు కూడా వద్దు. కొత్త వంటకం ముందు ఒక్క ప్లేటే తీసుకుని తలా కాస్త తినండి. పాపకు అలవాటైన బిస్కెట్లు, అరటిపండ్లు సంచిలో ఉంచండి.

విరేచనాలైతే నీళ్లలో కలిపి తాగే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు మర్చిపోకండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, తగ్గించకూడదు.